పదేళ్ల తర్వాత అమ్మ దగ్గరికి చేరిన ఫిలిపినో అమ్మాయి: విన్నిపెగ్ నుంచి ఒక ప్రశ్న

ఎర్రనది | 2018 మార్చి 4

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటున్నాను. ఈ ఊళ్లో పదిమందిలో ఒకరు ఫిలిప్పీన్స్ మూలాలున్నవారే. 1960ల చివర్లో ఇక్కడి కుట్టుపని ఫ్యాక్టరీల కోసం అక్కడి ఆడవాళ్లను పిలిపించినప్పటి నుంచి వారి రాక ఆగలేదు. మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో ఉండే కుటుంబం గురించి మీ సలహా కోసం ఇది రాస్తున్నాను. పేర్లు చెప్పను.

తల్లి మనీలాకు దగ్గరలోని లగూనా ప్రాంతం మనిషి. 2008లో నాలుగేళ్ల కూతురిని తన తల్లి దగ్గర వదిలి హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్ళింది. అక్కడి నుంచి 2011లో టొరంటోకు వచ్చి, ఒకరి ఇంట్లోనే ఉంటూ వాళ్ల పిల్లలను చూసుకునే పనిలో చేరింది. ఆ పని గడువు పూర్తయ్యాక శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకుని, అక్క ఉన్న ఈ ఊరికి మారింది. ఇప్పుడు వృద్ధుల ఆశ్రమంలో సాయంత్రం షిఫ్టు చేస్తోంది. ఈ పదేళ్లలో ఒకే ఒక్కసారి, 2014లో, మూడు వారాలు ఇంటికి వెళ్లగలిగింది. కాగితాలన్నీ పూర్తయి ఈ జనవరి మొదటి వారంలో కూతురు వచ్చింది. ఆ అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు.

తల్లి పనికి వెళ్ళాక అమ్మాయి మా ఇంటికి వచ్చి చదువుకుంటుంది. నన్ను ‘టీటా’ అంటుంది, అంటే పిన్ని లాంటి పిలుపు. మొదటిరోజు అన్నం వండబోతూ నేను బియ్యం మీద వేలు నిలిపి మొదటి కణుపు దాకా నీళ్లు పోయడం చూసి, తన చెయ్యి కూడా గిన్నెలో పెట్టి చూపించింది. వాళ్ల ఇంట్లోనూ అదే కొలత. ఆ రోజు నుంచి మాకు మాటలు కుదిరాయి.

ఆ అమ్మాయి తల్లితో మాట్లాడే తీరు నన్ను కలవరపెడుతోంది. తగలోగ్ భాషలో పెద్దవారితో మాట్లాడేటప్పుడు వాక్యంలో ‘పో’ అని చేరుస్తారు. మన చెవికి అది పొమ్మన్నట్టు వినిపిస్తుంది కానీ, నిజానికి అది మన ‘అండీ’. తల్లితో ‘పో’ అనడం వాళ్లలో మామూలే. అయితే ఈ అమ్మాయి ప్రతి మాటకూ దాన్ని తగిలించి, అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పి, ఒక అధికారితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. విమానాశ్రయంలో తల్లి చేతులు చాచి ముందుకు వస్తే, అమ్మాయి ఆ చేతిని అందుకుని నుదుటికి ఆనించుకుందట. పెద్దలకు వాళ్లు చేసే నమస్కారం అది. ‘నా బిడ్డ నన్ను కౌగిలించుకుంటుందనుకున్నాను, మర్యాద చేసింది’ అని ఆవిడ నా దగ్గర ఏడ్చింది.

నాదీ ఒక పొరపాటు ఉంది. పోయిన నెలలో ఒకరోజు, ‘ఇన్నేళ్లకు అమ్మతో ఉంటున్నావు, నీకెంత సంతోషంగా ఉండాలి’ అన్నాను. అమ్మాయి పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయి వారం రోజులు మళ్ళీ రాలేదు. నేనేం తప్పు మాట్లాడానో తెలిసీ తెలియనట్టుగా ఉంది. తల్లీకూతుళ్లను దగ్గర చేయడానికి పక్కింటి మనిషిగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా? అసలు జోక్యం చేసుకోవచ్చా?

---

బడిపంతులు | 2018 మార్చి 5

ఎర్రనది గారూ, నేను వాంకూవర్ పక్కన సర్రీలో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మీరు చెప్పిన కుటుంబం లాంటి కుటుంబాలను పదిహేనేళ్లుగా చూస్తున్నాను. ఇందులో ఆ తల్లి స్వభావానికీ బిడ్డ స్వభావానికీ సంబంధం లేని భాగం ఒకటి ఉంది కాబట్టి, ముందు దాన్ని చెబుతాను.

ఆవిడ వచ్చింది 1992లో మొదలై, 2014 నవంబరు చివరిదాకా కొత్త దరఖాస్తులు తీసుకున్న పథకం కింద. ఆ పథకం ప్రకారం యజమాని ఇంట్లోనే నివసిస్తూ 24 నెలల పని పూర్తి చేయాలి. మొదట దానికి మూడేళ్ల గడువు ఉండేది, 2010లో నాలుగేళ్లకు పెంచారు. కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలు ఆ పథకంలో లేదు. పని పూర్తయ్యాక పెట్టుకున్న శాశ్వత నివాసపు దరఖాస్తులు ఏళ్ల తరబడి కదలలేదు. పైగా చాలామంది ముందు హాంకాంగ్‌లోనో సింగపూర్‌లోనో కొన్నేళ్లు చేసి వస్తారు. అవన్నీ కలిపితే ఐదేళ్లు, ఎనిమిదేళ్లు, పదేళ్లు అవుతాయి. అంటే ఎదిగే బిడ్డకు తల్లి దూరం కావడం ఆ పథకం నడిచే పద్ధతిలోనే ఉంది. ఇంకొకరి బిడ్డకు స్నానం చేయించి, అన్నం పెట్టి, బడికి పంపిన తల్లి సొంత బిడ్డ ఎదుగుదలను ఫోటోల్లో చూసింది.

ఇక బడి సంగతి. ఆ అమ్మాయిని ఏ తరగతిలో వేశారో మీరు రాయలేదు. వీలైతే కనుక్కోండి, నా అనుమానం నాకుంది. ఫిలిప్పీన్స్‌లో 2013 చట్టం వచ్చేవరకు బడి చదువు పదేళ్లే. ప్రాథమికం ఆరేళ్లు, హైస్కూలు నాలుగేళ్లు పూర్తి చేసి, పదహారేళ్లకు కాలేజీలో చేరేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా ఒక ఏడాది నర్సింగు చదివి వచ్చిన కుర్రవాడిని మా దగ్గర పదో తరగతిలో కూర్చోబెట్టారు. అతడు నా తరగతిలో చివరి వరుసలో కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పేవాడు కాదు, అడిగితే తప్పు చెప్పేవాడు కాదు. ఆ ఏడాది చివర్లో బడి మానేసి ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో పూర్తికాలం పనిలో చేరాడు. నేను ఆపలేకపోయాను. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

---

పాతకాపు | 2018 మార్చి 5

నేను వయసులో మీ అందరికంటే పెద్దవాడిని కాబట్టి కాస్త సూటిగా రాస్తున్నాను, మన్నించండి. నేను 1976లో అమెరికా వచ్చాను. మా నాన్నగారి ఆఖరి చూపుకు కూడా వెళ్లలేకపోయాను. ఆ రోజుల్లో ఫోను చేయాలంటే ముందురోజు బుక్ చేసుకోవాలి. కష్టం లేని వలస ఎక్కడా లేదు. పదేళ్లు ఇళ్లలో పనిచేసి కూతురికి ఒక దేశం సంపాదించి పెట్టిన తల్లి ఆవిడ. బిడ్డకు ఆ కష్టం విలువ తెలియకపోతే పక్కనున్న పెద్దవారు తెలియజెప్పాలి. మీరు ఆ అమ్మాయితో అన్న మాటలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. నెమ్మదిగా, ప్రేమగా మళ్ళీ మళ్ళీ చెప్పండి. ఇంకో రెండేళ్లకు అదే అర్థమవుతుంది.

---

గోదారిగట్టు | 2018 మార్చి 6

పాతకాపు గారూ, మీ మీద గౌరవంతోనే మీతో విభేదిస్తున్నాను. నేను ఆ అమ్మాయి స్థానంలో ఉన్నవాడిని.

మాది కోనసీమ. మా అమ్మ 1997లో కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, అప్పటికి నాకు ఆరేళ్లు. మా వైపు ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. నన్ను అమ్మమ్మ పెంచింది. శుక్రవారం కువైట్‌లో సెలవు కాబట్టి, ఆ రోజు మధ్యాహ్నం మా ఊరి ఎస్టీడీ బూతు ముందు నాలాంటి పిల్లలం వరుసగా కూర్చునేవాళ్లం. బూతు ఆయన పేరు పిలిస్తే లోపలికి వెళ్లి, ‘బాగున్నావా, అన్నం తిన్నావా, చదువుకుంటున్నావా’ అనే మూడు ప్రశ్నలకు మూడు జవాబులు చెప్పి బయటికి వచ్చేవాళ్లం. రెండేళ్లకోసారి అమ్మ నిడో పాలపొడి డబ్బాలు, టాంగ్ సీసాలు, సెంట్లు పట్టుకుని వచ్చి రెండు నెలలు ఉండేది. సరిగ్గా అలవాటు పడే వేళకు వెళ్లిపోయేది.

నాకు పదహారేళ్లప్పుడు అమ్మ శాశ్వతంగా తిరిగి వచ్చేసింది. ఊరంతా నన్ను అదృష్టవంతుడివన్నారు. ఆ ఏడాది నేను పడ్డంత ఒంటరితనం అమ్మ లేని పదేళ్లలో ఎప్పుడూ పడలేదు. ఎందుకంటే అమ్మ వచ్చాక మేము వేరే ఇల్లు కట్టుకుని వెళ్లాము, అమ్మమ్మ మామయ్య ఇంట్లో ఉండిపోయింది. నన్ను పెంచిన మనిషి పక్క వీధిలో ఉండిపోయిందని నేను ఏడిస్తే అది అమ్మను అవమానించినట్టయ్యేది. అందుకని ఏడవలేదు, ముభావంగా ఉన్నాను. అందరూ దాన్ని పొగరు అన్నారు.

అమ్మ వారానికోసారి పాలతాలికలు చేసేది. ఆరేళ్లప్పుడు నాకు అవంటే ప్రాణమట. పదహారేళ్లకు నాకు తీపి సయించేది కాదు. ఆ మాట చెప్పలేక ప్రతి వారం తినేవాడిని. అమ్మకు తెలిసిన కొడుకు ఆ ఆరేళ్ల పిల్లవాడే. నన్ను వాడిలా చూస్తుంటే నేను ఇంకెవరి ఇంట్లోనో దొంగతనంగా ఉంటున్నట్టు ఉండేది.

ఎర్రనది గారూ, మీరు ‘అమ్మతో ఉంటున్నావు’ అన్నారు. ఆ అమ్మాయి చెవికి అది ‘అమ్మమ్మను వదిలి వచ్చావు’ అని వినపడి ఉంటుంది. ఆ అమ్మాయిని వాళ్ల అమ్మమ్మ గురించి అడగండి.

---

దావావో డాక్టరు | 2018 మార్చి 7

గోదారిగట్టు గారు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఫిలిప్పీన్స్‌లోని దావావో నగరంలో వైద్యవిద్య చదివాను. మన తెలుగు పిల్లలు అక్కడ వందల సంఖ్యలో చదువుతుంటారని మీలో చాలామందికి తెలుసు. నేను ఐదున్నరేళ్లు ఒక ఫిలిపినో కుటుంబం ఇంటి పై భాగంలో అద్దెకు ఉన్నాను. ఆ ఇంట్లోనూ అమ్మ దుబాయిలో, పిల్లలు ‘లోలా’ దగ్గర. లోలా అంటే అమ్మమ్మ, నాయనమ్మ, ఇద్దరూ.

పాతకాపు గారు చెప్పిన కృతజ్ఞత గురించి ఒక మాట. తగలోగ్‌లో ‘ఊతాంగ్ నా లోఓబ్’ అనే మాట ఉంది. ఊతాంగ్ అంటే అప్పు, లోఓబ్ అంటే లోపల. మనసు లోపల ఉండే అప్పు అన్నమాట. మనం కన్నవారి ఋణం అంటామే, దాదాపు అదే, అయితే ఇంకా బరువైనది. విదేశాల్లో ఉన్నవారి డబ్బుతో చదువుకునే పిల్లలు ఈ మాట వింటూనే పెరుగుతారు. 1974లో మార్కోస్ ప్రభుత్వం కార్మిక చట్టం తెచ్చి, విదేశాలకు పనివారిని పంపడాన్ని ప్రభుత్వ విధానంగా మార్చినప్పటి నుంచి ఇప్పటికి రెండు తరాలు అలా పెరిగాయి. విదేశాల నుంచి వచ్చే డబ్బు ఆ దేశపు ఆదాయంలో పదోవంతుకు దగ్గరగా ఉంటుంది. విదేశాల్లో పనిచేసేవారిని ‘నవయుగ వీరులు’ అని దేశాధ్యక్షులే కీర్తిస్తారు. అలాంటి చోట పెరిగిన అమ్మాయికి తల్లి కష్టం తెలియకుండా ఉండే ప్రశ్నే లేదు. ఆ అమ్మాయి మౌనానికి సగం కారణం ఆ అప్పే కావచ్చు. అంత ఋణపడిన మనిషి మీద కోపం వస్తే ఎక్కడ చెప్పుకుంటుంది?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. దేశం విడిచి శాశ్వతంగా వెళ్లేవారికి అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి ముందస్తు తరగతి పెడుతుంది. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు విడిగా, తోటివారితో కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మాయి అమెరికా వెళ్లేముందు దానికి హాజరై వచ్చింది. చలిబట్టలు, బడి, భాష, వివక్ష, అన్నీ చెప్పారట. ఇంటికొచ్చి లోలా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ‘లోలాను ఎలా వదిలి వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు’ అని నాతో అంది.

మరొకటి, ఎర్రనది గారి అమ్మాయి లగూనా మనిషి కాబట్టి తగలోగ్ ఆమె ఇంటి భాషే. దావావో, సెబూ వైపు పిల్లలు మాట్లాడే బిసాయాలో ‘పో’ అనేదే లేదు. అక్కడి పిల్లలు వేరే దేశం వెళ్తే ఫిలిపినోలందరిదీ ఒకటే భాష అనుకుని తగలోగ్ దుబాసీని తెచ్చి పక్కన కూర్చోబెడతారని విన్నాను. తెలుగు పిల్లవాడికి హిందీ దుబాసీని పెట్టినట్టు.

---

పద్నాలుగో ఏట | 2018 మార్చి 7

నేను ఎక్కువ రాయను. నేను వరంగల్ నుంచి టెక్సస్‌కు పద్నాలుగేళ్లప్పుడు వచ్చాను, ఇప్పుడు నాకు ఇరవై రెండు. మా అమ్మానాన్నలతో కలిసే వచ్చాను కాబట్టి నా కష్టం ఆ అమ్మాయి కష్టంతో సమానం కాదు. కానీ ఆ వయసు గురించి ఒక్కటి చెప్పగలను. ఐదేళ్ల పిల్లలు కొత్త దేశంలో నెల రోజుల్లో కలిసిపోతారు, పెద్దవాళ్లు తామే నిర్ణయించుకుని వస్తారు. పద్నాలుగేళ్ల వాళ్లకు అక్కడ ఒక జీవితం ఉంటుంది, దాన్ని వదలాలా వద్దా అని వాళ్లను ఎవరూ అడగరు. నాకు ఇక్కడ మొదటి ఏడాది అంతా మా క్లాసు ఫేస్‌బుక్ గ్రూపే లోకం. వాళ్లు పదో తరగతి వీడ్కోలు ఫోటోలు పెట్టిన రోజున నేను ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. ఆ అమ్మాయి ఫోను పట్టుకుని కూర్చుంటే వాళ్లమ్మను తిట్టవద్దని చెప్పండి.

---

ఎర్రనది | 2018 మార్చి 18

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. గోదారిగట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను, రెండోసారి మా వారికి చదివి వినిపించాను.

అమ్మాయి మళ్ళీ వస్తోంది. మొన్న మీరు చెప్పినట్టే, ‘మీ లోలా ఇప్పుడు ఏం చేస్తుంటారు?’ అని అడిగాను. ఇక్కడికీ అక్కడికీ ఇప్పుడు పదమూడు గంటల తేడా. ఆ అమ్మాయి లెక్కపెట్టనవసరం లేకుండానే చెప్పింది, ‘ఇప్పుడు ఉదయం ఏడు, రొట్టెల బండి వచ్చి వెళ్ళింది, కాఫీలో రొట్టె ముంచుకుంటూ ఉంటుంది’ అని. ఆ తర్వాత గంటన్నర మాట్లాడింది. నా ఇంట్లో ఆ గొంతు అంతసేపు వినడం అదే మొదలు.

ఆ మాటల్లోనే చెప్పుల సంగతి వచ్చింది. విదేశాల్లో ఉన్న ఫిలిపినోలు ఇంటికి పెద్ద అట్టపెట్టెలు పంపుతారు. వాటిని బాలిక్‌బాయన్ పెట్టెలు అంటారు, సొంత ఊరికి తిరిగివచ్చేవారి పెట్టె అని అర్థం. సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసం, బట్టలు, అన్నీ కుక్కి ఓడలో పంపిస్తారు. బిడ్డ కాలి కొలత కోసం లోలా తెల్లకాగితం మీద అమ్మాయి పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి ఉత్తరంలో పెట్టేదట. ఉత్తరం కెనడా చేరి, తల్లికి సెలవు దొరికి, బూట్లు కొని, పెట్టె నిండేదాకా ఆగి, ఓడెక్కించి, అది రెండు నెలలకు పైగా ప్రయాణించి ఇంటికి చేరేసరికి ఆరేడు నెలలు. అప్పటికి పాదం పెరిగిపోయేది. ‘అమ్మ పంపిన బూట్లలో ఒక్క జత కూడా నేను వేసుకోలేదు టీటా, అన్నీ మా చిన్నమ్మ కూతుళ్లే వేసుకున్నారు’ అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, జరిగింది చెప్పింది అంతే. పాలతాలికలు గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

బడిపంతులు గారూ, మీ అనుమానం నిజమే. అక్కడ తొమ్మిదో తరగతి సగంలో ఉన్న పిల్లను వయసు లెక్కన ఇక్కడ ఎనిమిదో తరగతిలో వేశారు. పైగా ఇంగ్లీషును అదనపు భాషగా నేర్పే తరగతిలో రోజుకు రెండు పీరియడ్లు కూర్చోబెడుతున్నారు. ఆ అమ్మాయి లెక్కలు, సైన్సు చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులోనే చదివింది. అక్కడ జూన్‌లోనే వర్గ సమీకరణాలు మొదలుపెట్టారట, నాకు నోటితో సాధించి చూపించింది. ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం చెబుతున్నారు. యాస వేరు కావడాన్ని భాష రాకపోవడంగా లెక్కకట్టారని నాకు అనిపిస్తోంది.

---

బడిపంతులు | 2018 మార్చి 19

ఊరుకోకండి. తల్లిని తీసుకుని వెళ్లి, బడిలో కౌన్సిలరును కలవడానికి సమయం అడగండి. అక్కడి నోటుపుస్తకాలు, మార్కుల కాగితాలు, పాఠ్యపుస్తకాల ఫోటోలు ఉంటే అవి కూడా పట్టుకెళ్లండి. ‘మా అమ్మాయి బాగా చదువుతుంది’ అంటే వినరు, ‘ఈ లెక్క ఇప్పుడే చేయించి చూడండి’ అంటే వింటారు. మానిటోబాలో హైస్కూలు పట్టాకు 30 క్రెడిట్లు కావాలి, అవి తొమ్మిదో తరగతి నుంచే లెక్కకు వస్తాయి. కాబట్టి సెప్టెంబరులో తొమ్మిదిలోకి వెళ్లేటప్పుడు లెక్కల్లో పై కోర్సు ఇప్పించమని ఇప్పుడే అడగాలి. ఇంగ్లీషు తరగతి విషయంలో మాత్రం తొందరపడి బయటికి లాగవద్దు. ఆ గదిలో తనలాంటి పిల్లలు ఉంటారు. నా అనుభవంలో మొదటి స్నేహాలు అక్కడే దొరుకుతాయి.

ఇంకొక మాట. ఆ తల్లి బడికి రావడానికి జంకుతుంది. వాళ్లలో ఉపాధ్యాయులను ప్రశ్నించడం అమర్యాద. మీరు పక్కన ఉంటే చాలు, మాట్లాడేది మాత్రం ఆవిడే కావాలి, కూతురి ఎదుటే.

---

పాతకాపు | 2018 మార్చి 20

గోదారిగట్టు గారికీ, డాక్టరు గారికీ. మీరు రాసింది చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను, మొత్తంగా కాదు. అమ్మమ్మ కోసం బిడ్డ బెంగపడటం నేను ఆలోచించని విషయం, ఒప్పుకుంటున్నాను. కానీ ఈ చర్చ అంతటిలో తల్లి బెంగ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాలుగేళ్ల బిడ్డను వదిలి వెళ్లిన ఆవిడకు ఆ నాలుగేళ్ల బిడ్డ మళ్ళీ దొరకదు. ఆవిడ కూడా ఒక మనిషిని పోగొట్టుకుంది. నా పెద్ద కూతురిని రెండేళ్లు హైదరాబాదులో మా అమ్మ దగ్గర ఉంచాము. తిరిగి వచ్చాక అది నన్ను ‘అంకుల్’ అని పిలిచింది. ఇప్పుడు దానికి నలభై ఏళ్లు, ఆ సంగతి తనకు గుర్తు కూడా లేదు. నాకు గుర్తుంది.

---

శాన్‌హోసె వాసి | 2018 మార్చి 22

ఇక్కడ రాయవచ్చో లేదో అని సందేహిస్తూనే రాస్తున్నాను. మా ఊరికి దగ్గరలోనే, మౌంటెన్ వ్యూలో పెరిగిన హోసే ఆంటోనియో వర్గాస్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1993లో, పన్నెండేళ్ల వయసున్న ఆయనను తల్లి ఫిలిప్పీన్స్ నుంచి ఇక్కడి అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి పంపింది. పదహారేళ్లకు డ్రైవింగు లైసెన్సు కోసం వెళితే, గ్రీన్ కార్డు నకిలీదని కౌంటరులోని ఉద్యోగిని చెప్పినప్పుడే ఆయనకు తన సంగతి తెలిసింది. తర్వాత పత్రికా రచయిత అయ్యారు, 2008లో పులిట్జర్ అందుకున్న వాషింగ్టన్ పోస్ట్ బృందంలో ఒకరు. 2011లో తనకు కాగితాలు లేవని తానే బహిరంగంగా రాశారు. దేశం దాటితే తిరిగి రానివ్వరు కాబట్టి, వచ్చినప్పటి నుంచి తల్లిని కలవలేకపోయానని ఆయన చెబుతూ వచ్చారు.

విన్నిపెగ్ అమ్మాయి తల్లి దగ్గరికి వచ్చి అమ్మమ్మకు దూరమైంది, ఈయన అమ్మమ్మ దగ్గరికి వచ్చి తల్లికి దూరమయ్యారు. కాగితాలు సరిగా ఉన్నందువల్ల ఆ అమ్మాయి ఒకనాడు లోలాను చూడటానికి విమానం ఎక్కగలదు. ఆ ఒక్క విషయం ఆమెకు స్పష్టంగా చెప్పడం మంచిదేమో. పిల్లలకు ‘ఎప్పటికీ’ అనే మాట చాలా భయంకరంగా ఉంటుంది.

---

ఎర్రనది | 2018 జూన్ 24

బడికి వెళ్లివచ్చాము. తల్లే మాట్లాడింది. చేతులు వణుకుతున్నా కూతురి నోటుపుస్తకం తెరిచి ఒక్కొక్క పేజీ చూపించింది. సెప్టెంబరు నుంచి లెక్కల్లో పై కోర్సు ఇస్తామన్నారు. బయటికి వచ్చాక అమ్మాయి ఏమీ అనలేదు, కానీ ఇంటికొచ్చే బస్సులో తల్లి పక్క సీటులో కూర్చుంది. అంతకుముందు వెనక సీటులో కూర్చునేది.

రోజూ బడికి వెళ్లేముందు లోలాకు ఫోను చేసుకునే ఏర్పాటు కూడా కుదిరింది. ఇక్కడ ఉదయం ఏడు, అక్కడ రాత్రి ఎనిమిది, ఆవిడ పడుకునే వేళ. మొదట్లో తల్లికి అది కష్టంగా ఉండేది, వంటగదిలోకి వెళ్లిపోయేది. నేను పాతకాపు గారి మాటలు ఆవిడకు చెప్పాను, పేరు చెప్పకుండా, ‘మా పెద్దాయన ఒకరు’ అని. ‘ఆయన కూతురు ఆయన్ను మళ్ళీ నాన్న అనడానికి ఎన్నాళ్లు పట్టింది?’ అని అడిగింది. పాతకాపు గారూ, వీలైతే చెప్పండి.

---

పాతకాపు | 2018 జూన్ 24

ఆవిడకు చెప్పండి, పదకొండు నెలలు.

---

బడిపంతులు | 2019 జూలై 2

పాత చర్చను పైకి తెస్తున్నందుకు మన్నించండి. ఈ విషయంలో అక్కరున్నవారు చూస్తారని రాస్తున్నాను. జూన్ 18 నుంచి కెనడా ప్రభుత్వం పిల్లల సంరక్షకులకూ, ఇళ్లలో వృద్ధులను చూసుకునేవారికీ రెండు కొత్త ప్రయోగాత్మక పథకాలు మొదలుపెట్టింది. వీటి కింద వచ్చేవారు భర్తనూ పిల్లలనూ మొదటి రోజు నుంచే వెంట తెచ్చుకోవచ్చు. భార్యకో భర్తకో పని అనుమతి, పిల్లలకు చదువు అనుమతి ఇస్తారు. సంఖ్య పరిమితమే, ఏడాదికి రెండింటికీ కలిపి 5,500 ప్రధాన దరఖాస్తులు. అయినా నా తరగతి చివరి వరుసలో కూర్చున్న ఆ కుర్రవాడిని తలుచుకుంటే, ఈ వార్త పాతికేళ్లు ఆలస్యంగా వచ్చిందని బాధ కలిగింది. వచ్చినందుకు సంతోషమూ కలిగింది.

ఎర్రనది గారూ, మీ అమ్మాయి ఎలా ఉంది?

---

ఎర్రనది | 2019 సెప్టెంబరు 29

బాగుంది పంతులు గారూ. ఇప్పుడు పదో తరగతి. మొన్నటి నుంచి తల్లితో వాదిస్తోంది కూడా, గొంతు పెంచి మరీ. ‘పో’ ఇప్పటికీ అంటుంది, కానీ కోపం వచ్చినప్పుడు మరిచిపోతుంది. ఆ మరిచిపోవడం తల్లికి ఎంత సంతోషమో నాతో చెప్పి నవ్వింది. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పోయిన డిసెంబరులో తెల్లవారుజాము ప్రార్థనల రోజులు వచ్చినప్పుడు, ఇక్కడి చర్చిలో వాటిని సాయంత్రం పెడితే, ‘చీకట్లో లోలా చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లకపోతే అది ఎలా అవుతుంది’ అని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు.

నిన్నటి సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. క్రిస్మస్‌కు ఇంటికి చేరాలంటే పెట్టె ఇప్పుడే ఓడెక్కాలి. తల్లీకూతుళ్లు లోలాకు పెట్టె సర్దుతూ నన్ను కూడా పిలిచారు. హాలు మధ్యలో అంత పెట్టె, చుట్టూ సబ్బులు, కాఫీ పొడి, తువ్వాళ్లు. సందుల్లో గాలి కూడా మిగలకూడదన్నట్టు సాక్సులను ఉండలు చుట్టి కుక్కుతున్నారు. అట్టడుగున వేయడానికి తల్లి బీరువాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీస్తే, అందులో బిస్కెట్లు లేవు. మడతలు పడిన తెల్లకాగితాలు, ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో గీసిన పాదం, పక్కన లోలా చేతిరాతలో తేదీ. అన్నింటికంటే పాతది నా అరచేయి కంటే కాస్త పెద్దది. అమ్మాయి వాటిని ఒక్కొక్కటీ నేల మీద వరుసగా పరిచింది. చివరిదాని మీద తన పాదం పెట్టి చూసుకుంది. ఏమీ మాట్లాడలేదు. తల్లి సాక్సులు చుడుతూనే ఉంది.

తర్వాత లోలాకు ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పులు కొనడానికి ముగ్గురం కలిసి వెళ్లాము. తల్లి ఏడో నంబరు తీసింది. అమ్మాయి వద్దంది, ఆరు చాలంది. ‘మా అమ్మ కాలు నాకు తెలియదా’ అని తల్లి అంది. ‘లోలా చిక్కిపోయింది అమ్మా. పాత చెప్పులు జారిపోతున్నాయని ముందు గుడ్డ కుక్కుకుంటుంది. రోజూ రాత్రి ఆ చెప్పులు తీసి మంచం కింద పెట్టింది నేనే’ అని అమ్మాయి అంది.

తల్లి ఏడో నంబరు జతను కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. తర్వాత దాన్ని అరలో పెట్టేసి, ఆరు తీసి కూతురికి అందించింది.